మేడ దిగిన నాటిక

నేను రాసిన హాస్య నాటికలు పదకొండు ఆడారు. అందులో ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఈ మాట ఎవరితో అన్నా ముందు నా కాళ్ళ వంక చూస్తారు, తర్వాత నిట్టూరుస్తారు. నిట్టూర్పు దేనికండీ? తప్పు నా కాళ్ళది కాదు, మేడది. బందరులో మా కులాసా నాటక సమాజం వాళ్ళు ఆటలాడేది వర్తకుల మేడ మీద. కింద బెల్లం కొట్లు, చింతపండు కొట్లు. పైన హాలు. మధ్యలో ఇరవై రెండు మెట్లు, అందులో ఏడోది విరిగింది. పోలియో నాకు రెండేళ్ళప్పుడు తెలియకుండా వచ్చింది. ఆ మెట్లు మాత్రం మనుషులు బుద్ధి తెలిసిన వయసులోనే కట్టారు.

నా పేరు రహీమా. కోనేరు సెంటరుకి నాలుగడుగుల దూరంలో మా అన్న దస్తగిరికి టైలరింగ్ షాపు ఉంది. అన్న మిషను తొక్కుతాడు, నేను పక్కన కూర్చుని కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. కొలతలిచ్చే మనిషి తన ఇంటి గుట్టంతా మా ముందు పోసేసి పోతాడు. నడుం కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టినవాడు, గొప్పలు చెప్పేటప్పుడు మాత్రం హాయిగా వదిలేస్తాడు. ఆ మాటలన్నీ ఏరుకుని ఇరవై నిమిషాల నాటికలు రాస్తాను. అన్న వాటిల్లో వేషాలేస్తాడు.

ఆట ఉన్నరోజు నా మూడు చక్రాల బండి వర్తకుల మేడ కిటికీల కింద ఆపుకుని వీధిలో కూర్చునేదాన్ని. పైనుంచి మాటలు వినపడేవి కావు, నవ్వులు మాత్రం వినపడేవి. జనం ఒక్కసారిగా గొల్లుమనేవారు. ఏ మాటకి గొల్లుమన్నారో తెలిసేది కాదు. నేను అనుకున్న చోటేనా, లేకపోతే ఎవరిదైనా పంచె ఊడిందా? ఇంటికొచ్చాక అన్నని అడిగితే, "అన్నిచోట్లా నవ్వారే" అనేవాడు. అన్నిచోట్లా నవ్వారంటే అబద్ధమని అర్థం. కూర వండిన మనిషికి ఉప్పు సరిపోయిందో లేదో ఎవరూ చెప్పకపోతే ఎలా ఉంటుందో, పదకొండు నాటికలకీ నాకు అలాగే ఉండేది.

పైకి తీసుకెళ్తామని అడక్కపోలేదు. మా సమాజానికి కార్యదర్శి వెంకటపతి గారు. టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా. చాలా మంచివారు, ఆ మంచితనం కాస్త ఎక్కువే.

"కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుపోతామమ్మా. ఎంతసేపు?" అన్నారు.

"నలుగురు మోసే రోజు అందరికీ ఒకటి ఉంటుందండీ. నాదింకా రాలేదు" అన్నాను.

ఆయన చెంపలేసుకున్నారు. నేనేమీ తమాషాకి అనలేదు. మూటలా ఎక్కితే మూటని చూసినట్టే చూస్తారు. నాటిక రాసిన మనిషి అందరిలాగే గేటు దగ్గర టిక్కెట్టు చింపించుకుని, తన దారిన తను వచ్చి కూర్చోవాలి. అది నా పట్టుదల. మొండితనం అని మా అమ్మ ఖైరున్ బీ అంటుంది, ఆవిడ ఇష్టం.

డెబ్భై తొమ్మిది వేసవిలో పన్నెండో నాటిక రాశాను. ఒక పెళ్ళిళ్ళ పేరయ్య, ఒక పెళ్ళికూతురి తండ్రి, ఇద్దరే మనుషులు. రాయడం అయ్యాక ఆఖరి పేజీ చించి నా దగ్గర పెట్టుకుని, మిగతాది వెంకటపతి గారి చేతిలో పెట్టాను.

"ముగింపేదమ్మా?"

"నా దగ్గరుంది. నాటిక నేల మీద ఆడితే ఇస్తాను. మేడ మీదైతే ఇవ్వను."

"ముగింపు లేకుండా రిహార్సలు ఎలా చేస్తామమ్మా?"

"పదకొండు నాటికలకి మొదలూ ముగింపూ రెండూ చూడకుండా నేను ఉండలేదా అండీ?"

ఆయన కోపగించుకోలేదు, కంగారుపడ్డారు. మర్నాడే వడ్రంగిని వెంటబెట్టుకుని మేడ దగ్గరికి వెళ్ళారు, మెట్ల మీద చెక్కలు పరిపించి వాలుదారి చేయిద్దామని. వడ్రంగి మెట్లు కొలిచాడు, వీధి కొలిచాడు, నా బండి వంక చూశాడు. "ఎక్కించటం ఎట్టాగో నాకు తెలవదు గానీండి, దిగేటప్పుడు మాత్రం ఈవిడ తిన్నగా ఎదురు చింతపండు కొట్లో ఆగుద్ది" అన్నాడు. నాకు అతని మీద గౌరవం కలిగింది. ఉన్నమాట చెప్పాడు.

దారి చూపించింది నాంచారయ్య గారు. పేరయ్య వేషం ఆయనదే. దివిసీమ మనిషి. డెబ్భై ఏడు ఉప్పెనలో ఇల్లూ, ఇంట్లో నలుగురూ పోయాక బందరు వచ్చి, గిలకలదిండిలో పడవలకి ఐసు కొట్టే పనిలో చేరారు. మా సమాజంలో ఆయనంత బాగా నవ్వించేవాళ్ళు లేరు. కానీ వచ్చిన కొత్తలో ఆరునెలల పాటు ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదట. ఆయన హాస్యం చెప్తుంటే ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవాళ్ళట. ఆ సంగతి ఆయనే చెప్పారు, చెప్పి నవ్వారు.

"అమ్మాయిని పైకెక్కించాలని తంటాలు పడటం దేనికండీ? నవ్వటానికి అంతెత్తు ఎక్కాలా? ఆటనే కిందికి దించుదాం" అన్నారు నాంచారయ్య గారు.

అంతే. వెంకటపతి గారికి చిన్ననాటి స్నేహితుడు గుర్తొచ్చారు. జగన్మోహనరావు గారని, గుడివాడలో రైసు మిల్లు. రెండో పంట దాళ్వా ధాన్యం పని అయిపోయి, ఆరబోసే సిమెంటు కళ్ళం ఖాళీగా పడుంది. గోడౌను ముందు లారీల ఎత్తుకి కట్టిన అరుగుంది, అదే స్టేజీ. కరెంటు కోత రోజులు కాబట్టి ఆట సాయంత్రం ఐదింటికే. అన్నిటికన్నా గొప్ప సంగతి, మిల్లు గేటు నుంచి కళ్ళం దాకా ఒక్క మెట్టు లేదు. ధాన్యం బళ్ళు రావాలి కదా, మెట్లెవరు కడతారు? బస్తాలకి ముందునుంచీ ఉన్న మర్యాద నాకూ దక్కింది.

మిల్లు వాళ్ళ లారీ బందరులో తవుడు దించి వెనక్కి పోతుంటే, నా బండిని అందులో ఎక్కించి మేమూ ఎక్కాం. పెడన దాటాక ఆఖరి పేజీ తీసి అన్న చేతికిచ్చాను. పెళ్ళికూతురి తండ్రి వేషం వాడిదే, ఆ పేజీ మాట కూడా వాడిదే. వాడు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. గుడ్లవల్లేరు దగ్గర మళ్ళీ తీసి చదివాడు.

"ఇది నవ్వులాటా?" అన్నాడు చివరికి.

"నవ్వులాటే. నువ్వు నవ్వించు."

ఆ పేజీలో ఉన్నది ఒక్కటే మాట. మా వీధిలో బుద్ధిమంతురాలైన ఆడపిల్లని మెచ్చుకోవాలంటే 'గడప దాటి ఎరగదు' అంటారు. నన్ను ఇరవై ఏళ్ళుగా అలాగే మెచ్చుకుంటున్నారు. మా అమ్మ దగ్గరికి ఏ చుట్టం వచ్చినా, "మీ రహీమా బంగారం ఖైరున్ బీ, గడప దాటదు" అనే పోతుంది. దాటాలంటే అటొకరు ఇటొకరు బండి ఎత్తిపెట్టాలి మరి! ఆ మాట విన్నప్పుడల్లా నాకు పొట్ట చెక్కలయ్యేది. ఎవరికీ చెప్పలేదు. దాన్ని తీసుకొచ్చి నాటిక చివర పెట్టాను. పెళ్ళికూతురి తండ్రి గర్వంగా, "మా అమ్మాయి గడప దాటి ఎరగదండీ" అంటాడు. దానికి జనం నవ్వాలి. ఆ నవ్వు నా చెవులతో నేను వినాలి. నేను రాసేది నిజంగా హాస్యమో, లేక నా మీద జాలితో అన్నా, సమాజం వాళ్ళూ ఆడుతున్నారో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

మేం వెళ్ళేసరికి కళ్ళం మీద నీళ్ళు చల్లి చాపలు పరిచారు. జనం అప్పటికే వస్తున్నారు. మిల్లు హమాలీలు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు, కర్రలు పట్టుకుని ముసలివాళ్ళు. వర్తకుల మేడ మీద ఇలాంటి జనాన్ని ఎప్పుడూ చూడలేదని అన్న అన్నాడు. నేను టిక్కెట్టు కొనుక్కుని, గేటు దగ్గర చింపించుకుని, పెడలు చేత్తో తిప్పుకుంటూ లోపలికి వెళ్ళాను. నా పక్కనే మడత కుర్చీలో జగన్మోహనరావు గారి మేనత్త సౌభాగ్యమ్మ గారు కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి. మోకాళ్ళు అరిగి ఏళ్ళ తరబడి ఏ ఆటకీ పోలేదట. మిల్లులోనే ఆట అనగానే మధ్యాహ్నం మూడింటికే వచ్చి కూర్చున్నారట. నా బండిని చూసి, "చక్రాలకి నూనె వెయ్యవా, కీచుమంటున్నాయ్" అన్నారు. ఆవిడ నాకు నచ్చారు.

అంతా బావుంది. అప్పుడు వెంకటపతి గారికి మైకు దొరికింది.

ఆయన ముందు నా బండిని తీసుకెళ్ళి అందరికీ కనపడేలా మొదటి వరస మధ్యలో పెట్టించారు. నాకు చోటు కోసం సౌభాగ్యమ్మ గారి కుర్చీ కూడా కాస్త పక్కకి జరిపించారు. నా మెడలో బంతిపూల దండ వేశారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"సోదరసోదరీమణులారా! ఈ నాటిక రాసిన రహీమా, పాపం, రెండు కాళ్ళూ చచ్చుబడినా, పుట్టెడు దుఃఖం కడుపులో దాచుకుని మనల్ని నవ్విస్తున్న త్యాగమూర్తి…"

"అయ్యో పాపం" అన్నారు వెనకెవరో. ఆ మాట కళ్ళం అంతా పాకింది. ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. ఒకావిడ కొంగు కళ్ళకి అద్దుకుంది. నాకు పుట్టెడు దుఃఖం ఎక్కడుందండీ? నాకున్న దుఃఖమల్లా ఆ క్షణాన ఆ మైకే.

నాటిక మొదలైంది. నాంచారయ్య గారు గొడుగు చంకలో పెట్టుకుని, ఒక కాలు ఈడుస్తూ వచ్చారు. ఆ నడకకే మా బందరు జనం పడి పడి నవ్వుతారట. ఇక్కడ ఒక్కరూ నవ్వలేదు. ఒక హమాలీ నోరు తెరవబోయాడు, వాడి పెళ్ళాం మోచేత్తో పొడిచింది.

"అబ్బాయి చాలా యోగ్యుడండీ. చెప్పుడు మాటలు వినడు" అన్నారు పేరయ్య.

"మంచి మాటలో?" అన్నాడు మా అన్న.

"అవీ వినపడవండీ."

అందరూ ముందు నా వంక చూశారు, నవ్వచ్చా అని అడుగుతున్నట్టు. చూసి తల దించుకున్నారు.

"పోనీ రెండో సంబంధం చూడండి. పరాయి ఆడదాన్ని కన్నెత్తి చూడడు."

"కట్టుకున్నదాన్నో?"

"ఆవిణ్ణీ తడుముకుని వెతుక్కోవాల్సిందేనండీ."

ఎక్కడో నవ్వు పుట్టి దగ్గుగా మారింది. "ఊరుకోండర్రా, ఆ పిల్ల ఎదురుగా" అని సౌభాగ్యమ్మ గారే కసిరారు. మూడో సంబంధం నిలకడ గల కుర్రాడు, ఒకచోట కూర్చున్నాడంటే ఇక కదలలేడు. ఆ మాటకైతే కళ్ళం మీద గాలి కూడా ఆగిపోయినట్టయింది. నాంచారయ్య గారి మొహాన చెమట కారుతోంది.

నాకు ఏడుపొచ్చింది. ఉక్రోషంతో వచ్చిన ఏడుపు. కిటికీ కింద కూర్చున్నన్నాళ్ళూ నయం, నవ్వైనా వినపడేది. ఇప్పుడు కోరి కోరి వచ్చి నా నాటికని నేనే చంపుకున్నాను. నేను ఇక్కడినుంచి పోతే వీళ్ళు హాయిగా నవ్వుకుంటారు. గేటు బయట, లారీ పక్కన నిలబడితే నాకూ వినపడుతుంది, ఎప్పటిలాగే. చెయ్యి పెడలు మీదికి పోయింది కూడా.

అప్పుడే నాంచారయ్య గారు ఆఖరి ప్రశ్న వేశారు. "మావాళ్ళ సంగతి చెప్పాను. మరి మీ అమ్మాయి గుణగణాలు సెలవివ్వండి."

మా అన్న నా వంక చూశాడు. నోరు తెరిచాడు. "మా అమ్మాయి… మా అమ్మాయి బంగారం అండీ" అన్నాడు. అంతే, తర్వాతి మాట రాలేదు. తెర వెయ్యమని చెయ్యి ఊపాడు.

చిన్నప్పుడు నన్ను వీపున వేసుకుని ఐదో క్లాసు దాకా బడికి మోసినవాడు. వాడికి ఆ మాట నవ్వులాట కాదు. నాకు తెలుసు. వాడంటే నాకు ప్రాణం. అయినా ఒళ్ళు మండిపోయింది.

"భాయ్! ఒక ముక్క మింగేశావు!" అని అరిచాను.

తెర లాగే మనిషి ఆగిపోయాడు. జనం అందరూ నా వైపు తిరిగారు. దండ తీసి ఒళ్ళో పెట్టుకుని గొంతు పెంచాను.

"పేరయ్య గారూ! మా వాడు కంగారులో మర్చిపోయాడు, నా గుణాలు నేనే చెప్తాను, వినండి. నేను చాలా బుద్ధిమంతురాలినండీ. గడప దాటి ఎరగను!"

జనం నన్ను వదిలి అరుగు వంక చూశారు.

నాంచారయ్య గారు గొడుగు ఊతంగా పట్టుకుని, అరుగు అంచు దాకా ఈడ్చుకుంటూ వచ్చారు. కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూశారు, నా బండి చూశారు, మూడు చక్రాలూ వేలుతో లెక్కపెట్టారు. ఆయన మొహంలో జాలి వీసమెత్తు లేదు.

"ఏ ఊరు పిల్లా మీది?"

"బందరండీ."

"గడప దాటని దానివి బందరు నుంచి గుడివాడ ఎట్టా వచ్చావే?"

"ఇక్కడ గడప లేదుగా!"

ముందు సౌభాగ్యమ్మ గారు నవ్వారు. ఉడుకుతున్న గిన్నె మీద మూత ఎగిరినట్టు ఒక్కసారిగా వచ్చింది ఆ నవ్వు. ఆపుకోబోయి ఆపుకోలేక కుర్చీ చెయ్యి పట్టుకుని ఊగిపోయారు. తర్వాత హమాలీలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు, కర్రల ముసలివాళ్ళు. అప్పటిదాకా బిగబట్టిన నవ్వులన్నీ కలిపి వదిలారు. కళ్ళం దద్దరిల్లింది. మా అన్న అరుగు మీద నిలబడి ఏడుస్తూ నవ్వుతున్నాడు, రెండూ ఒకే మొహం మీద.

"వన్స్‌మోర్!" అని అరిచారెవరో.

మన నాటకాల్లో వన్స్‌మోర్ పద్యానికి కొడతారు. హాస్య నాటిక మొత్తానికి కొట్టడం నేను వినలేదు, నాంచారయ్య గారూ వినలేదట. కానీ జనం ఊరుకోలేదు. నాటిక మొదటినుంచీ మళ్ళీ ఆడారు. ఈసారి ఆయన కాలు ఈడుస్తూ రాగానే నవ్వు మొదలైంది. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. 'అవీ వినపడవండీ' దగ్గర నేను అనుకోనంత నవ్వొచ్చింది. 'నిలకడ' దగ్గర అనుకున్నంత రాలేదు, మాట కాస్త ముందుకి జరపాలి. మూడురోజులు కష్టపడి చెక్కిన ఒక మాటకైతే ఒక్కడూ నవ్వలేదు. ఎంత హాయిగా అనిపించిందో! వెంటనే మనసులో కొట్టిపారేశాను. చివర్లో అన్న ఛాతీ విరుచుకుని, "మా అమ్మాయి గడప దాటి ఎరగదండీ" అని గర్వంగా అన్నాడు. జనం ఎక్కడ నవ్వారో, ఎందుకు నవ్వారో, ఎంతసేపు నవ్వారో, అంతా విన్నాను. నేను రాసింది హాస్యమే. కడుపు నిండిపోయింది.

ఆట అయ్యాక వెంకటపతి గారు చేతులు నలుపుకుంటూ వచ్చారు. "తప్పయిపోయిందమ్మా. పొగుడుదామనుకున్నాను."

"పొగడండి, కాదనను. నాటికని పొగడండి" అన్నాను. ఆయన తల ఊపారు. నాంచారయ్య గారు మొహానికి రాసుకున్న రంగు తుడుచుకుంటూ, "మా దివిసీమలో ఉప్పెన తర్వాత కట్టిన కొత్త కాలనీల మధ్య బోలెడంత చదును నేలుంది. వచ్చేనెల అక్కడాడదాం. మా వాళ్ళకి నవ్వటం నేర్పాల్సిన పన్లేదు, ఎవరన్నా నవ్వనిస్తే చాలు" అన్నారు.

సౌభాగ్యమ్మ గారు మాత్రం కుర్చీలోంచి లేవకుండా నా బండి చక్రం పట్టుకుని ఆపేశారు. నవ్వి నవ్వి ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీ దుంప తెగ! డొక్కలు పట్టేశాయి కదే. ఆడపిల్లవేనా నువ్వు? అంతమంది మగాళ్ళ ముందు ఆ అరుపేంటే? ఈ నోరేసుకుని రేపు అత్తారింట్లో ఎట్టా బతుకుతావ్? వారం తిరక్కుండా మీ అత్త నిన్ను బండితో సహా వీధిలోకి నెట్టుద్ది, చూసుకో!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి నా మొహం చూశారు. నాకు ఊహ తెలిశాక నన్నెవరూ అలా తిట్టలేదు. అందరూ ఆస్పత్రిలో మంచం పక్కన మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతారు. అత్తారింటి మాట నా దగ్గర ఎత్తనే ఎత్తరు. ఈవిడ ఎత్తారు, పైగా అత్త చేత గెంటించారు కూడా. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇంకో నాలుగు తిట్లు తిట్టించుకుంటే బావుండుననిపించింది.

"మీలాంటి అత్తగారైతే వారం కూడా ఉండనండీ, మూడోనాడే నేనే మిమ్మల్ని గెంటేస్తాను" అన్నాను.

ఆవిడ చీర కొంగు నడుంలో దోపుకుని మళ్ళీ తిట్లు మొదలుపెట్టారు. లారీ వాడు మూడుసార్లు హారను కొట్టేదాకా ఆపలేదు.